నాన్న పుట్టిన రంగంలో ఐదు రోజులు

మొదటి రోజు

మా నాన్న పాస్‌పోర్టులో పుట్టిన ఊరు అన్నచోట ‘రంగూన్’ అని ఉంటుంది. విశాఖలో ఎవరు ఆ పేజీ చూసినా ఓ క్షణం ఆగి, ‘‘మీరు బర్మావాళ్ళా?’’ అని అడుగుతారు. నేను పెరిగింది కంచరపాలెం దగ్గర, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఉండే బర్మా క్యాంపులో. ఆ ప్రశ్న నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. మా ఇళ్ళల్లో మాత్రం ఎవరూ రంగూన్ అనరు, ఇప్పటి పేరు యాంగోన్ అనీ అనరు, రంగం అంటారు. రంగం వెళ్ళారు, రంగం నుంచి డబ్బు పంపారు, ఇది రంగం నుంచి తెచ్చిన టేకు పెట్టె. ఉత్తరాంధ్రలో పాతతరం ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ మాట వినపడుతుంది.

1964లో పదిహేనేళ్ళ వయసులో ఓడెక్కి వచ్చేసిన నాన్న, మళ్ళీ 2020 జనవరిలో ఆ ఊళ్ళో దిగారు. కలకత్తా మీదుగా విమానంలో వచ్చాం. మన గడియారం గంట ముందుకు తిప్పుకుంటే సరిపోయింది. విదేశీయుల వరసలో నిలబడ్డాం. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి పాస్‌పోర్టు చూసి ‘‘రంగూన్?’’ అంది. నాన్న తల ఊపి బర్మీస్‌లో ఏదో అన్నారు. ఆమె నవ్వి, 28 రోజులకి ముద్ర కొట్టి ఇచ్చింది. ‘‘ఏమన్నారు నాన్నా?’’ అని అడిగితే, ‘‘నేను ఇక్కడే పుట్టానమ్మా అన్నాను. ఇంకా వచ్చిందంటే నాకే ఆశ్చర్యంగా ఉంది’’ అన్నారు.

చిన్నాన్న వాళ్ళది ఆ ఊళ్ళోనే తామ్వే అనే పేటలో మూడో అంతస్తు. చిన్నాన్న అంటే మా తాత తమ్ముడి కొడుకు. రోడ్డు మీద కార్లన్నీ కుడివైపు వెళుతున్నాయి, స్టీరింగు కూడా చాలా కార్లకి కుడివైపే ఉంది. ‘‘మా రోజుల్లో ఎడమవైపు నడిచేవి’’ అని నాన్న దారిపొడుగునా అంటూనే ఉన్నారు. 1970లో మార్చేశారట. వీధిలోకి వచ్చాక చూస్తే ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు కిందికి వేలాడుతోంది. తాడు చివర ఒక క్లిప్పు. కొన్నిటికి పైన గంట కూడా ఉంది. పేపరువాడు, పాలవాడు, ఉత్తరం తెచ్చినవాడు కింద క్లిప్పుకి తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది. మేం లాగాం. చిన్నాన్న బాల్కనీలోంచి వంగి చూసి, ‘‘ఎలగున్నావు అన్నియ్యా!’’ అని కేకేశారు. అచ్చం శ్రీకాకుళం యాస. పుట్టి పెరిగిందంతా ఇక్కడే, మా ఊరు ఒక్కసారి కూడా చూడలేదు. నాన్న మెట్లెక్కలేక రెండో అంతస్తు దగ్గర గోడకి ఆనుకుని ఆగిపోయారు. కాళ్ళ నొప్పి అన్నారు కానీ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

రెండో రోజు

పొద్దున్నే ఊరు చూడ్డానికి బయల్దేరాం. చిన్నాన్న కూతురు మాతో వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఎకౌంట్స్ ఉద్యోగం, బుగ్గల మీద ‘తనకా’ అనే చెట్టు బెరడు లేపనం పూత. నన్ను ‘అక్కా’ అని పిలుస్తుంది. తెలుగు వస్తుంది కానీ బర్మీస్‌లోనే ఆలోచిస్తుంది, అందుకని ఒక్కో మాట వెతుక్కుని మాట్లాడుతుంది. బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు.

నాన్న పాత పేర్లు అడుగుతుంటే అది కొత్త పేర్లు చెప్పింది. ఫ్రేజర్ వీధి ఇప్పుడు అనోరథా రోడ్డు. డల్హౌసీ వీధి మహాబందూలా. ఫేయర్ వీధి పాన్‌సొడాన్. మొగల్ వీధి ష్వేబోన్‌థా. స్ట్రాండ్ రోడ్డు ఒక్కటే స్ట్రాండ్ రోడ్డుగా మిగిలింది. అనోరథా రోడ్డులో తమిళులు కట్టించుకున్న కాళికాంబ గుడి గోపురం రంగురంగులుగా నిలబడి ఉంది. పక్కనే పప్పులు, పసుపు, అగరొత్తులు అమ్మే కొట్లు. టీకొట్లో దోసె దొరికింది, ఇక్కడ దాన్ని ‘తోషే’ అంటారు. పలాటా అంటే మన పరోటానే.

దోసె తింటూ చెల్లి ఒక సంగతి చెప్పింది. బర్మీస్‌లో మనవాళ్ళని ‘కలా’ అంటారు. మామూలుగానూ అంటారు, తిట్టుగానూ అంటారు. శనగపప్పుని ‘కలాపె’, అంటే కలావాళ్ళ పప్పు అంటారు. కుర్చీని ‘కలాథైన్’ అంటారు, కలావాళ్ళు కూర్చునేది అని. ‘‘కుర్చీ అన్నా, పప్పు అన్నా నాకేమీ అనిపించదు అక్కా. బస్సులో ఎవరైనా అదే మాట అంటే మాత్రం దిగిపోవాలనిపిస్తుంది’’ అంది. అది అంతకుమించి ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మధ్యాహ్నం స్ట్రాండ్ రోడ్డు దాటి రేవు గోడ పక్కనే నడిచాం. లోపలికి వెళ్ళనివ్వరు, గోడ మీదుగా క్రేన్లు, కంటెయినర్లు కనపడతాయి అంతే. మా ముత్తాత ఈ రేవులోనే కూలీ. కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడ డెక్కు మీద కూర్చుని వచ్చినవాళ్ళలో ఒకడు. టికెట్టు డబ్బులు మేస్త్రి ఇస్తాడు. ఆ అప్పు, దాని వడ్డీ, మేస్త్రి కమీషను తీరేదాకా జట్టులోంచి కదలడానికి లేదు. ఒకే గదిలో వంతులవారీగా పడుకునేవారట. పగటి జట్టు లేచిన చాపమీదే రాత్రి జట్టు పడుకునేది. వీళ్ళని ఊళ్ళో కోరంగీలు అనేవారు, కాకినాడ పక్కనున్న మన కోరంగి పేరు మీద. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో దాదాపు 4 లక్షల మంది ఉంటే, సగానికి పైగా భారతీయులు. తమ దేశపు ముఖ్య పట్టణంలో బర్మావాళ్ళు తక్కువ సంఖ్యలో పడిపోయారన్న మాట.

1930 మే 5న ఒకే రోజు రెండు జరిగాయి. ఇండియాలో గాంధీని అరెస్టు చేశారు, ఇక్కడ పెగూ భూకంపం వచ్చి రంగూన్ కూడా కదిలిపోయింది. ఆ నెలలోనే రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. ఓడల్లో సరుకు ఎక్కించే కంపెనీలు బర్మా కూలీలని తెచ్చి పని నడిపించాయి. సమ్మె తేలి పాతవాళ్ళని మళ్ళీ పనిలోకి తీసుకున్నాక, మే 26 పొద్దున పనికి వచ్చిన బర్మావాళ్ళని ఇక మీరక్కర్లేదు పొమ్మన్నారు. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన కూలీలే. మా ముత్తాత నీళ్ళ ట్యాంకు వెనక రెండు రాత్రులు దాక్కున్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఆ కథని చిన్నప్పటి నుంచీ ‘వాళ్ళు మనల్ని చంపారు’ అనే విన్నాను. గోడ పక్కన నిలబడి చెల్లితో చెబుతుంటే అది నన్ను ఆపింది. ‘‘ఆ పొద్దున పని లేదని పంపేసినవాళ్ళు ఏం తిన్నారో మా బడిలో చెప్పారక్కా’’ అంది. బియ్యం ధర పడిపోయిన రోజులవి. దిగువ బర్మాలో వరి పండే ముఖ్యమైన జిల్లాల్లో, 1930ల చివరికి నాలుగో వంతు భూమి వడ్డీ వ్యాపారం చేసే తమిళ చెట్టియార్ల చేతికి వెళ్ళిపోయింది. భూమి పోగొట్టుకున్న రైతు పట్నం వస్తే, అక్కడ పని అంతా ఇంకో భాషవాళ్ళ జట్టు చేతిలో ఉంది. ఎవరిని పనిలో పెట్టుకోవాలో, ఎవరిని మానిపించాలో తేల్చింది కంపెనీలు. నష్టపోయింది రెండు రకాల కూలీలు. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ ఇలా చెప్పలేదు. నాన్న కూడా ఏమీ మాట్లాడకుండా విన్నారు.

మూడో రోజు

ఈ రోజు ఇంట్లోనే ఉన్నాం. నేను వచ్చింది దీనికోసమే అనిపించింది.

టిఫిను అయ్యాక చిన్నాన్న అలమారాలోంచి పాత బిస్కట్ల డబ్బా తీశారు. మూత గట్టిగా పట్టేసింది, చెంచా కాడతో ఎత్తి తీశారు. లోపల ప్లాస్టిక్ కవరు, దాంట్లో ఇంకో కవరు, దాంట్లో నాలుగు మడతలు వేసిన కాగితం. 1958లో మా చిన్నతాత పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టినప్పుడు ఇచ్చిన రసీదు. మడతల దగ్గర చిరిగితే లోపలివైపు పల్చటి కాగితం అంటించారు. పేరు ఇంగ్లీషులో టైపు చేసి ఉంది, ఇంటిపేరు స్పెల్లింగు తప్పు. కింద పిల్లల పేర్ల దగ్గర మూడేళ్ళ చిన్నాన్న పేరు ఉంది.

నాన్న తన సంచీలోంచి ఇంకొకటి తీశారు. మా తాత విదేశీయుల రిజిస్ట్రేషన్ పుస్తకం. ప్రతి ఏడూ రుసుము కట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్రల మీద ముద్రలు, ఊదా రంగు సిరా పక్క పేజీకి అంటుకుంది. చివరి ముద్ర 1964.

ఒకే ఇంటి అన్నదమ్ములు. ఒకే రేవు, ఒకే వంట. 1948 జనవరి 4న బర్మాకి స్వతంత్రం వచ్చాక, ఎన్నో ఏళ్ళు ఇక్కడున్న వలసవాళ్ళు పౌరులు కావాలనుకుంటే దరఖాస్తు పెట్టుకోవచ్చని చట్టం చేశారు. చాలామంది పెట్టుకోలేదు. కాగితం చదవడం రాక కొందరు, ఎలాగూ ఇంటికి వెళ్ళిపోతాం కదా అని కొందరు. మా తాతకి ఊళ్ళో రెండెకరాలు ఉన్నాయి. 1942లో జపాన్‌వాళ్ళు వచ్చినప్పుడు, లక్షల మందితోపాటు అడవుల్లో నడిచి ఇండియా చేరి, యుద్ధం అయ్యాక మళ్ళీ వచ్చినవాడు. ఏ దేశమూ తనది అని సంతకం పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. చిన్నతాత పెళ్ళి ఇక్కడే చేసుకున్నాడు, పదేళ్ళు ఆలోచించి పెట్టాడు. నాన్న 1949లో ఈ ఊళ్ళోనే పుట్టినా, పుట్టినంత మాత్రాన పౌరుడు కాలేదు. తండ్రి విదేశీయుడు కాబట్టి కొడుకూ విదేశీయుడే.

1962లో సైన్యం అధికారంలోకి వచ్చింది. 1964 మార్చిలో రంగూన్‌లో కొట్లన్నీ జాతీయం చేశారు, మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. మా తాత రేవు పని మానేసి, కూడబెట్టిన డబ్బుతో చిన్న కిరాణా కొట్టు పెట్టుకుని అప్పటికి ఆరేళ్ళు. ఆ కొట్టు పోయింది, దాచుకున్న నోట్లు పోయాయి. ఆ దశాబ్దంలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు దేశం వదిలిపెట్టారు. మా నాన్నమ్మ పుస్తె ఒక్కటి మెడలో ఉంచుకుని ఓడెక్కిందని చెప్పేది.

‘‘నాన్న రసీదు పట్టుకుని ఇరవై నాలుగేళ్ళు తిరిగాడు అన్నియ్యా’’ అన్నారు చిన్నాన్న. ‘‘ఏ ఆఫీసుకెళ్ళినా పరిశీలనలో ఉందనీవోరు.’’ 1982 అక్టోబర్ 15న కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. 1823కి ముందు నుంచీ, అంటే ఇంగ్లీషువాళ్ళతో మొదటి యుద్ధానికి ముందు నుంచీ, ఈ నేలమీద ఉన్న తెగలవాళ్ళు పుట్టుకతోనే పూర్తి పౌరులు. పాత చట్టం కింద దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నవాళ్ళది రెండో రకం. దరఖాస్తు పెట్టకపోయినా 1948కి ముందు నుంచి ఉన్నామని రుజువు చూపినవాళ్ళది మూడో రకం. కార్డులు వరసగా గులాబి, నీలం, ఆకుపచ్చ.

చిన్నాన్నది నీలం కార్డు. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. అంచులు అరిగిపోయిన కార్డు, వేలిముద్ర, పాత ఫొటో. దాని మీద జాతి అని ఒక వరస, మతం అని ఒక వరస. జాతి దగ్గర ‘ఇండియా’, మతం దగ్గర ‘హిందూ’. పౌరుణ్ణి బర్మీస్‌లో ‘నైంగంతా’ అంటారు, దేశానికి బిడ్డ అని. నీలం కార్డువాళ్ళని ‘ఎ నైంగంతా’ అంటారు. ‘ఎ’ అంటే అతిథి. అరవై అయిదేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉన్న మనిషి కార్డు మీద అతిథి అని రాసి ఉంది. తండ్రిని ఇక్కడే దహనం చేశారు, కూతుర్ని ఇక్కడే కన్నారు. అయినా అతిథి. నాకు ఆ మాట అర్థమయ్యాక చాలాసేపు కోపం తగ్గలేదు. పిన్ని టీ తెచ్చి ఇచ్చింది. పిన్నిదీ నీలమే.

మూడో తరానికి పూర్తి పౌరసత్వం వస్తుందని ఆ చట్టంలోనే ఉంది. అందుకని చెల్లిది గులాబి కార్డు. ‘‘మొత్తానికి వచ్చింది కదా’’ అన్నారు నాన్న. చెల్లి తన కార్డు కూడా తీసి పెట్టింది. జాతి దగ్గర అదే ‘ఇండియా’.

ఆ తర్వాత రాత్రి దాకా మాటలన్నీ దీని చుట్టూనే తిరిగాయి. ఆ ఏడాది, 2020 చివర్లో ఎన్నికలు. చిన్నాన్నకి ఓటుంది, 2015లోనూ వేశారు. కానీ ఆయన పోటీ చేయలేరు. చెల్లికీ పోటీ చేసే వీల్లేదు, ఎందుకంటే అభ్యర్థి పుట్టేనాటికి తల్లీ తండ్రీ ఇద్దరూ పౌరులై ఉండాలి. అతిథుల బిడ్డ ఓటు వేయొచ్చు, ఓటు అడిగే వీల్లేదు. అప్పుడు నాన్నకి ఒక పేరు గుర్తొచ్చింది. యు రషీద్. అలహాబాద్‌లో పుట్టి, రంగూన్ యూనివర్సిటీలో, తర్వాత బర్మా స్వతంత్ర పోరాట నాయకుడైన ఆంగ్ సాన్‌తో కలిసి విద్యార్థి ఉద్యమం నడిపి, 1950ల్లో ప్రధాని యు ను ప్రభుత్వంలో మంత్రి అయినవాడు. మా తాత కొట్లో ఆయన ఫొటో ఉండేదట. చెల్లి ఆ పేరు వినలేదు. ఫోన్‌లో వెతికి చూసి, ‘‘ఇండియాలో పుట్టినవాడు ఇక్కడ మంత్రా?’’ అని రెండుసార్లు అడిగింది.

2008 రాజ్యాంగం ప్రకారం, దేశ జనాభాలో 0.1 శాతానికి తగ్గకుండా ఒక తెగ జనం ఒక ప్రాంతంలో ఉంటే, వాళ్ళు తమ తరఫున ఒకర్ని ఎన్నుకోవచ్చు. అప్పట్లో యాంగోన్ ప్రాంతంలో కరెన్లకి, రఖైన్లకి అలా తెగల వ్యవహారాల మంత్రులు ఉండేవారు. ఊళ్ళో ఇరుగుపొరుగున కలిసి బతుకుతూ, ఓటు మాత్రం తెగ పేరున వేస్తారు. ఆ లెక్కలోకి రావాలంటే ముందు ప్రభుత్వం గుర్తించిన 135 తెగల జాబితాలో ఉండాలి. మనవాళ్ళు అందులో లేరు. రేవు నింపినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు, వీధులు ఊడ్చినవాళ్ళు, ఎంతమంది ఉన్నా ఆ లెక్కకి సున్నా. నగర పాలక కమిటీకి 2014లో ఎన్నికలు పెట్టినప్పుడు ఇంటికి ఒక్క ఓటే ఇచ్చారు. ఈ ఇంట్లో ఆ ఓటు చిన్నాన్న వేశారు. అప్పటి ముచ్చట చెబుతుంటే ఆయన గొంతులో గర్వం వినపడింది. ఇంటి యజమానిగా పేరు పిలిచారట.

నాలుగో రోజు

పాన్‌సొడాన్ రేవు నుంచి నది దాటి డల్లా వెళ్ళాం. జపాన్ ఇచ్చిన పెద్ద పడవలు. టికెట్ల దగ్గర స్థానికులకి ఒక కౌంటరు, విదేశీయులకి ఇంకొకటి. విదేశీయులు పాస్‌పోర్టు చూపించాలి, ధర కూడా చాలా ఎక్కువ. నాన్న అలవాటుగా చిన్నాన్నతోపాటు స్థానికుల వరసలో నిలబడ్డారు. మనిషి లుంగీ కట్టుకున్నారు, రంగు అదే, ముఖం అదే. కౌంటర్‌లో అబ్బాయి ఇద్దరికీ టికెట్లు కొట్టబోయాడు. చిన్నాన్నే ఆపి, ‘‘ఈయన ఇండియా నుంచి వచ్చారు’’ అని చెప్పారు. నాకు మొదట ఎందుకు చెప్పారా అనిపించింది. తర్వాత అర్థమైంది. నీలం కార్డు ఉన్న మనిషికి ఒక చిన్న తప్పు కూడా టెన్షనే.

పడవ మీద జనం గాలిలోకి వడలు విసురుతుంటే సీగల్ పక్షులు ఎగురుతూనే అందుకుంటున్నాయి. డల్లాలో ఒకప్పుడు ఇరావాడీ ఫ్లొటిల్లా కంపెనీ ఓడల మరమ్మతు షెడ్లు. చిన్నతాత ఆఖరి ఉద్యోగం అక్కడే. షెడ్ల దగ్గరికి వెళ్ళలేదు, పిన్ని మొక్కుకునే చిన్న అమ్మవారి గుడికి వెళ్ళాం. గుడి ముందు ఎనభై ఏళ్ళ ముసలమ్మ వేపమండలు దులుపుతోంది. మమ్మల్ని చూసి, ‘‘ఏ ఊరు బాబూ మీది?’’ అని తెలుగులో అడిగింది. నాన్న కంచరపాలెం అన్నారు. ఆవిడకి తెలియలేదు. శ్రీకాకుళం అన్నారు. ‘‘ఓహో, మా ఊరే’’ అంది. ఎప్పుడొచ్చావమ్మా అంటే, తను ఇక్కడే పుట్టానని చెప్పింది. ఆవిడ కార్డు ఆకుపచ్చ అని తిరుగు పడవలో పిన్ని చెప్పింది. ఎనిమిది మంది మనవలు, ఇద్దరికి ఇంకా ఏ కార్డూ లేదు. కార్డు లేకపోతే దూరప్రయాణం కష్టం, బ్యాంకు కష్టం, పెళ్ళి సంబంధం కూడా కష్టమే.

సాయంత్రం మహాబందూలా పార్కులో కూర్చున్నాం. ఒకవైపు సూలే పగోడా, ఒకవైపు మసీదు, ఒకవైపు చర్చి, ఎదురుగా నగర పాలక భవనం. పిల్లలు బంతి ఆడుతున్నారు. ఎవరిది ఏ రంగు కార్డో చూస్తే తెలియదు.

ఐదో రోజు

మధ్యాహ్నం విమానం. పొద్దున నాన్న చిన్నాన్నని ఒకటే అడిగారు, ఆ రసీదు నాకివ్వు తమ్ముడా, రెండూ ఒకచోట ఉంచుతాను అని. చిన్నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. డబ్బా మూత మీద చెయ్యి పెట్టి, ‘‘ఇది ఇక్కడే ఉండాలన్నియ్యా. రేపు ఈ పిల్లకి బిడ్డలు పుడితే, ఎవడైనా అడుగుతాడు’’ అన్నారు. మీ తాత ఎక్కడివాడు అని ఎవరడిగినా చూపించడానికి వాళ్ళకి ఉన్నది ఆ కాగితం ఒక్కటే. నాన్న మళ్ళీ అడగలేదు. చెల్లి రసీదు, నాన్న పుస్తకం రెండూ తీసుకుని వీధి చివర జిరాక్స్ తీయించడానికి వెళ్ళింది. అది తిరిగొచ్చేసరికి మేం సామాన్లు దించే హడావుడిలో ఉన్నాం. పుస్తకం నాన్న చేతికిచ్చి, జిరాక్సుల కవరు బల్ల మీద పెట్టింది. ఎవరం గమనించలేదు.

టాక్సీ ఎక్కి తలుపు వేసుకున్నాక నాన్న జేబులు తడుముకున్నారు. అప్పటికే పైనుంచి పిన్ని కేకేస్తోంది. తాడు మెల్లగా కిందికి వస్తోంది. మొదటి అంతస్తు దగ్గర ఎండేసిన లుంగీకి తగిలి ఆగితే, ఆ ఇంటామె చెయ్యి చాపి విడిపించి కిందికి వదిలింది. నేను దిగి క్లిప్పు నొక్కి కవరు తీసుకున్నాను. దాంతోపాటు ఒక చిన్న పొట్లం, ఊరబెట్టిన తేయాకు. తాడు రెండుసార్లు లాగితే పైన గంట మోగింది.